కండక్టరు ఉద్యోగం - రెండు ఆత్మకథలు

ఆత్మకథలంటే నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉంది. పుస్తకం అచ్చయిందంటేనే రాసినవారు ఒడ్డున పడ్డారని అర్థం. ఎన్ని సుడిగుండాలు వర్ణించినా, మునిగిపోలేదన్న సంగతి అట్ట చూడగానే తెలిసిపోతుంది. కందుకూరి స్వీయ చరిత్రము మొదలుకొని మన తెలుగులో పేరున్న ఆత్మకథలన్నీ దాదాపు ఇలా ఒడ్డుకు చేరినవారి కథలే. అందులోనూ, పుట్టుకతోనే పడవ ఉన్నవారివే ఎక్కువ.

అందుచేత, నల్లజాతి స్త్రీలు రాసుకున్న జీవితకథలు వరుసగా చదవాలని కూర్చున్నప్పుడు నాకు పెద్దగా ఆశలు లేవు. కష్టాలు, పట్టుదల, విజయం - ఈ మూడు మెట్లు ఉంటాయనుకున్నాను. ఉన్నాయి కూడా. కానీ మాయా ఏంజెలో 1969లో ప్రచురించిన మొదటి ఆత్మకథలో (పంజరంలోని పక్షి ఎందుకు పాడుతుందో తనకు తెలుసంటుంది ఆ పుస్తకం పేరు) ఒక చిన్న ఘట్టం దగ్గర ఆగిపోయాను. అక్కడినుంచి నా చదువు దారి తప్పి, తిరిగి తిరిగి మా కొడకండ్ల చుట్టుపక్కలకే వచ్చి చేరింది. ఆ దారి గురించే ఈ నాలుగు మాటలు.

ఘట్టం ఇది. రెండవ ప్రపంచ యుద్ధకాలం, శాన్ ఫ్రాన్సిస్కో నగరం. మగవారు యుద్ధానికి పోవడంతో వీధుల్లో తిరిగే ట్రాముబండ్లలో ఆడవాళ్ళు కండక్టర్లుగా కనిపిస్తున్నారు. పదహారేళ్ళయినా నిండీ నిండని ఈ నల్లపిల్లకు ఆ ఉద్యోగం మీద మనసుపడింది. యూనిఫారం, నడుముకు చిల్లర పట్టీ - అవే ఆకర్షణ. కార్యాలయానికి వెళితే దరఖాస్తు కాగితం కూడా ఇవ్వలేదు. కారణం ఎవరూ నోరు తెరిచి చెప్పరు, అందరికీ తెలుసు. ఆ పిల్ల మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు మళ్ళీ. వారాల తరబడి వెళ్ళి కూర్చుంటే చివరికి కాగితం ఇచ్చారు.

ఆ కాగితంలో 'పూర్వానుభవం' అన్న గడి ఒకటి ఉంది. దానికి ఆ పిల్ల ఏం రాసిందో చూడండి. ఆర్కాన్సా రాష్ట్రంలోని స్టాంప్స్ అనే ఊళ్ళో అన్నీ హెండర్సన్ అనే తెల్లదొరసానికి తోడుగానూ, కారు నడిపే మనిషిగానూ పనిచేశానని రాసింది. అన్నీ హెండర్సన్ ఎవరనుకున్నారు? తనను పెంచిన సొంత నాయనమ్మ! ఊళ్ళో చిన్న కొట్టు నడుపుకొనే నల్లముసలమ్మ. మనవరాలి కలంపోటుతో ఒక్క క్షణం తెల్లదొరసాని అయి కూర్చుంది.

ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. నవ్వు ఆగాక ఆ అబద్ధం ఎంత నిజమో తోచింది. అదే నాయనమ్మ, ఆ పిల్లకు పన్ను నొప్పి వస్తే తెల్ల పళ్ళ వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఒకప్పుడు ఈమె దగ్గర అప్పు తీసుకున్నవాడే. అయినా నల్లవాళ్ళ నోట్లో చెయ్యి పెట్టడం కన్నా కుక్క నోట్లో పెట్టడం మేలన్నాడు. డబ్బు ముట్టుకోవడానికి లేని అంటు, మనిషిని ముట్టుకోవడానికి వచ్చింది. ఇది మనకు ఏ మాత్రం కొత్త సంగతి కాదు. అలాంటి ఊరినుంచి వచ్చిన పిల్ల, ఆ ఊరివాళ్ళు తన నాయనమ్మకు ఎన్నడూ ఇవ్వని మర్యాదను ఒక దరఖాస్తు గడిలో తానే ఇచ్చేసింది. ఉద్యోగం 1944లో వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో ట్రాముల్లో మొదటి నల్లజాతి మహిళా కండక్టరుగా ఆమె పేరు నిలిచింది. తెల్లవారుజామున విధులుంటే, తల్లి వివియన్ బాక్స్టర్ కారులో తుపాకి పెట్టుకొని ట్రాము వెనకే వచ్చేదట. అది ఏంజెలో చాలాకాలం తర్వాత చెప్పిన ముచ్చట.

కండక్టరు అనగానే నాకు ఇంకొక పుస్తకం గుర్తుకు వచ్చింది. 2017లో న్యూయార్కులో వెలువడిన సుజాత గిడ్ల ఆంగ్ల రచన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. ఏనుగుల నడుమ చీమలు అన్నమాట. ఆ రచయిత్రి మన కాజీపేటలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. వరంగల్లు రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలలో (2002 నుంచి అది ఎన్‌.ఐ.టి.) చదువుకుంటూ, సమ్మెలో పాల్గొని జైలుకు కూడా వెళ్ళారు. ఇరవయ్యారేళ్ళ వయసులో అమెరికా చేరారు, బ్యాంకులో కంప్యూటరు ఉద్యోగం చేశారు. 2009 మాంద్యంలో అది పోయింది. ఆ తర్వాత న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కండక్టరుగా చేరారు. ఆ ఉద్యోగం చేసిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే.

ఇక్కడ నాకొక చిత్రం కనిపించింది. ఏంజెలోకు ఆ ఉద్యోగం ఎక్కవలసిన మెట్టు. మనవాళ్ళ లెక్కలో సుజాతకు అది దిగిన మెట్టు. అమెరికా పోయిన ఇంజనీరింగు కాలేజీ విద్యార్థిని రైలు తలుపులు వేయడమేమిటని మన ఊళ్ళలో బుగ్గలు నొక్కుకొనేవారు ఉంటారు. ఆవిడకు మాత్రం అలాంటి సంకోచం ఉన్నట్టు లేదు. శ్రామికవర్గం గురించి ఇంట్లో పుట్టినప్పటినుంచీ విన్న మనిషి, ఇష్టపడే ఆ పనిలో చేరానని చెప్పుకున్నారు. మేనమామ కె.జి. సత్యమూర్తి, అంటే మనకు శివసాగర్. కాజీపేట సెయింట్ గాబ్రియేల్ పాఠశాలలో పాఠాలు చెప్పిన ఆయన, 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ స్థాపించారు. తర్వాత పార్టీలో కులం ప్రశ్న లేవనెత్తి బయటికి వచ్చారు. 2012లో పోయారు.

అమెరికాలో చర్మం రంగు కనబడుతుంది గాని పుట్టుక కనబడదు. సుజాతకు అక్కడ దొరికిన మొదటి ఊపిరి ఇదే. వర్ణవివక్షకు పేరుమోసిన దేశంలో ఒక దళిత స్త్రీకి ఊపిరాడటం - వాక్యం విడ్డూరంగా ఉంది గాని, అందులో విడ్డూరమంతా మన వైపుదే.

అన్నట్టు, పుస్తకానికి ఆత్మకథ అన్న పేరే గాని, అందులో 'నేను' చాలా తక్కువ. చీమల కథలో పెద్దభాగం మేనమామది, ఆ తర్వాత తల్లి మంజులది. తల్లి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ. చదివింది, ముగ్గురు పిల్లలను పెట్టుకొని తాత్కాలిక ఉద్యోగాల కోసం ఊరూరూ తిరిగింది, అత్తవారింటి పోరు పడింది. మేనమామ కథకు ఉద్యమం ఉంది, కవిత్వం ఉంది, జనం ఉన్నారు. తల్లి కథకు ఇవేవీ లేవు. అయినా నన్ను అడిగితే ఆ పుస్తకంలో బరువైన పేజీలు తల్లివే. విప్లవకారుడు అజ్ఞాతంలోకి పోతే అది చరిత్ర. ఆడమనిషి పసిపిల్లను వదిలి దూరపు ఊరి ఉద్యోగానికి పోతే అది ఇంటి సంగతి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయడం దగ్గరే ఆ రచయిత్రి చెయ్యి నాకు నచ్చింది.

ఏంజెలో కథలో నాయనమ్మ, సుజాత కథలో తల్లి. తన గురించి చెప్పబోయిన ఆడది ముందుగా తనకన్నా పెద్ద ఆడదాన్ని తెచ్చి మన ముందు కూర్చోబెడుతుంది. మగవారి స్వీయచరిత్రల్లో తల్లికి సాధారణంగా మొదటి అధ్యాయమే దక్కుతుంది.

ఇంతకూ మా కొడకండ్ల మాట. పాత వరంగల్లు జిల్లా. 2016 నుంచి జనగామ జిల్లా. నేతగాళ్ళ ఊరు. పనికోసం భివండికీ సూరత్‌కూ వలసపోయినవారు లేని నేత కుటుంబం మా వాడలో అరుదు. పక్కనే పాలకుర్తి. సోమనాథుడి ఊరు. దాని చేరువలోనే బమ్మెర, పోతన ఊరు (ఒంటిమిట్టవారు ఒప్పుకోరు, అది వేరే గొడవ). ఇంతటి మహాకవుల నేల కదా అని మా పంతుళ్ళు గర్వంగా పద్యాలు వల్లె వేయించేవారు. గజేంద్రుడి మొర మాకు కంఠతా వచ్చు. అదే పాలకుర్తిలో, మా తాతల కాలంలోనే, ఇంకొక మనిషి పెట్టిన మొర - మొర కాదు, ఎదిరింపు - మాకు ఏ పంతులూ చెప్పలేదు.

చిట్యాల ఐలమ్మ. 1895లో పుట్టింది, చాకలి కులం. కౌలుకు తీసుకున్న భూమిలో తాను పండించిన పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం ఆ దేశ్‌ముఖ్ చేతిలో ఉన్నది 40 వేల ఎకరాలు. అంత భూమి ఉన్నవాడికి ఒక చాకలి ఆమె కౌలు పంట ఎందుకు? గింజల కోసం కాదు. దొర బట్టలు వెట్టికి ఉతకవలసిన కులంలో పుట్టి, భూమి దున్నడమే ఆమె చేసిన నేరం. పైగా సంఘంలో చేరింది. ఆంధ్రమహాసభ కార్యకర్తలు అండగా నిలబడగా పంట కోయించి తన ఇంటికే చేర్చుకుంది. తర్వాత ఇల్లు కాలింది, భర్తా కొడుకులూ జైళ్ళ పాలయ్యారు. పంట మాత్రం దొర గడీకి పోలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం అందరికీ తెలిసిన చరిత్ర. దానికి దారి తీసిన గట్టుమీద ఒక యాభై ఏళ్ళ ఆడది నిలబడి ఉంది.

ఈమె ఆత్మకథ రాయలేదు. రాయగలిగే చదువు ఎవరూ ఇవ్వలేదు. స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ పోయి, వారి మాటలను రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అన్న పేరుతో అచ్చువేశారు. 1989లో అది ఆంగ్లంలోకీ వెళ్ళింది. అందులో ఐలమ్మ మాట ఉంది. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు. 1985 సెప్టెంబరులో పోయింది. ఆమె 'నేను' అన్న మాట అచ్చులో దొరికేది ఆ కొద్ది పేజీల్లోనే. మల్లు స్వరాజ్యం జీవితకథ 'నా మాటే తుపాకీ తూటా' నిండు పుస్తకంగా వచ్చింది. రావలసిందే, గొప్ప జీవితం. కానీ భూస్వామి ఇంట పుట్టి పోరాటంలోకి దిగినామెకు నిండు పుస్తకమూ, చాకలి ఇంట పుట్టి పోరాటాన్ని తన వాకిట్లోకి తెచ్చుకున్నామెకు కొద్ది పేజీలూ దక్కడం కేవలం కాకతాళీయమని నేను అనుకోలేను.

ఇంకొకటి గమనించాను. ఆ పుస్తకంలో ఆమె చిట్యాల ఐలమ్మ. అది ఇంటిపేరు. విగ్రహాల మీదా, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరులోనూ ఆమె చాకలి ఐలమ్మ. దొర నోట తిట్టుగా మొదలైన మాట బిరుదయి కూర్చుంది. నలుపు అన్న మాటను అమెరికాలో అవమానం నుంచి గౌరవంగా మార్చుకున్నారే, అలాంటిదే ఇదీ. గోగు శ్యామల 2003లో దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి వెతికి కూర్చి ఆ సంకలనానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టినప్పుడు కూడా ఆ నలుపును ఆమె ఊరికే వాడలేదు.

శ్యామల పేరు వచ్చింది కాబట్టి ఆమె 2011లో వెలువరించిన 'నేనే బలాన్ని' గురించి కూడా చెప్పాలి. అది టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ. సదాలక్ష్మి పుట్టింది 1928లో. మాయా ఏంజెలో పుట్టిన సంవత్సరమే. ఒకరు ఆర్కాన్సా పత్తి చేల పక్కన పెరుగుతుంటే, ఇంకొకరు సికింద్రాబాదులో పారిశుద్ధ్య పనివారి కుటుంబాల నడుమ పెరిగారు. 1957లో శాసనసభకు ఎన్నికై, ఉపసభాపతి అయి, దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో దేవాదాయ శాఖ నిర్వహించారు. ఏ గుళ్ళలోకి తన తల్లిదండ్రులకు ప్రవేశం లేదో ఆ గుళ్ళ లెక్కలు ఆమె సంతకం కోసం వచ్చి నిలబడ్డాయి! తర్వాత 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, చివరి దశలో మాదిగ దండోరాలోనూ ఉన్నారు. 2004లో మరణించారు. ఇంత జీవితం గడిపిన మనిషి గురించి ఒక పుస్తకం రావడానికి ఇంకొక దళిత స్త్రీ పూనుకోవలసి వచ్చింది. ఆ పుస్తకం పేరులో 'నేను' ఉంది, రాసిన చేయి వేరొకరిది. ఐలమ్మ విషయంలోనూ అంతే. పెద్దామె చెప్పింది, చిన్నామె రాసుకుంది. సుజాత కూడా తల్లినీ మామనూ మాట్లాడించి, వారి మాటలు రికార్డు చేసుకొనే ఆ పుస్తకం కూర్చారు. మన దగ్గర ఈ జాతి ఆత్మకథ ఇద్దరు మనుషుల పని.

ఇక కండక్టరు సంగతి. నేను జనగామలో కళాశాలకు పోయివచ్చే రోజుల్లో మా ఊరి బస్సులో ఒక కండక్టరమ్మ ఉండేది. ఆడవాళ్ళు ఆ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న కాలం. ఒకనాడు ఒక ముసలాయన టికెట్టు తీసుకోకముందే ఆమెను ఆరా తీశాడు.

"ఏ ఊరు బిడ్డా మీది? ఎవలోల్లు?"

ఈ ప్రశ్నకు అర్థం మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె రంధ్రం కొట్టే పనిముట్టు ఆపకుండానే, "ఆర్టీసోల్లం తాతా. చిల్లర తియ్యి" అన్నది. బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నాణేలను జానెడు ఎత్తు నుంచి ఆమె అరచేతిలో జారవిడిచాడు, వేలు తగలకుండా. ఆమె మిగతా చిల్లర లెక్కపెట్టి, ఆయన చేయి పట్టుకొని, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి మరీ ఇచ్చింది. తర్వాత ముందు సీటుకు పోయింది. ఆమె కులమేమిటో నాకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. పళ్ళ వైద్యుడి ఘట్టం చదువుతున్నప్పుడు ఆ మూసిన వేళ్ళు నా కళ్ళముందు ఆడాయి.

మా అమ్మ నలభై ఏళ్ళు కండెలు చుట్టింది. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మ రాట్నం దగ్గర. చీర నేసింది ఎవరంటే నాన్న పేరే చెబుతారు, అమ్మ కూడా ఆ పేరే చెబుతుంది. ఒకసారి పట్టుబట్టి నీ కథ చెప్పమని అడిగితే, "నాదేమున్నది బిడ్డా చెప్పనీకి" అని, వాళ్ళమ్మ గురించి రెండు గంటలు చెప్పింది. అయితే ఇక్కడ ఒక గీత గీయక తప్పదు. మా అమ్మ బతుకు కష్టమైనదే గాని, ఐలమ్మ కష్టంతో దాన్ని తూచలేను. మా వాడలో చూరుకింద వేరేగా పెట్టిన గ్లాసు ఉండేది. ఆ గ్లాసు మా అమ్మ కోసం పెట్టింది కాదు. ఆడవాళ్ళందరి బాధా ఒకటే అని మాట్లాడేవారికి ఆ గ్లాసు చూపించాలి. అమెరికాలో తెల్ల స్త్రీలు ఓటు కోసం పోరాడిన కాలంలో నల్ల స్త్రీలను ఊరేగింపు వెనక్కి పొమ్మన్న చరిత్ర కూడా ఈ గ్లాసు వంటిదే.

జోతిబా ఫూలే 1873లోనే తన 'గులాంగిరీ'ని నీగ్రో బానిసలకు విముక్తి కలిగించిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. మన తరానికి సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' ఆ పని చేసింది. మా ఊరి గ్రంథాలయంలో అట్ట ఊడిపోయేదాకా చేతులు మారిన పుస్తకం అది. కానీ అప్పుడు మేమందరం కుంటా కింటే కోసం కన్నీళ్ళు పెట్టుకొని, ఇంటికిపోయి చూరు కింది గ్లాసును చూసీ చూడనట్టు దాటిపోయే వాతావరణంలోనే పెరిగాం. దూరపు దుఃఖం చదవడం సులువు.

2020లో కరోనా న్యూయార్కును కుదిపేసినప్పుడు సుజాత గిడ్ల ఒక పత్రికా వ్యాసం రాశారు. తోటి రవాణా కార్మికులు వరుసగా చనిపోతున్నారు, ఆమెకూ వ్యాధి సోకింది. అత్యవసర సిబ్బంది అంటూ తమను పొగడటం వెనక తమను బలిపెట్టడమే ఉందన్నది ఆ వ్యాసం సారాంశం. మూడేళ్ళ ముందు పుస్తకంతో వచ్చిన పేరు ఆమెకు ఉంది. అయినా ఆ వ్యాసంలో మాట్లాడింది కండక్టరే. ఒడ్డుకు చేరినవారి కథలు అని మొదట్లో అన్నానే, ఆ మాట ఈమెకు అతకదు. ఆమె ఒడ్డుకు చేరి రాయలేదు, నీళ్ళలో ఉండే రాసింది.

మొన్న ఊరికి పోయినప్పుడు 'మనకు తెలియని మన చరిత్ర' వెంట తీసుకుపోయాను. అమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. మగ్గం ఎప్పుడో తీసేశాం. చాటలో బియ్యం తడిమి తడిమి ఏరుతూ ఉంటే, ఐలమ్మ చెప్పిన పేజీలు బిగ్గరగా చదివి వినిపించాను. అమ్మకు పాలకుర్తి తెలుసు, విసునూరు తెలుసు. దొర కథలు వాళ్ళమ్మ దగ్గర విన్నవే. వింటూ వింటూ ఒకచోట చాట పక్కకు పెట్టింది.

"ఈమె గూడ మనలెక్కనే మాట్లాడ్తున్నది గద. గిట్ల మాట్లాడింది మాట్లాడినట్టే బుక్కుల రాస్తరా?"

రాస్తారన్నాను.

"మల్లోసారి సదువు" అన్నది.